హ్యాచర్ తలుపు ఎన్నిసార్లు తీశాను

ముందుగా ఒక గీత

పశువైద్యం చదివి, విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ హేచరీలో చేరి, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గుడ్ల మధ్యనే గడిపినదాన్ని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారు కొందరు నా అనుభవాలు రాయమని అడుగుతున్నారు. రాస్తాను గానీ, నిక్కచ్చిగా తెలిసినదానికీ, ఆ నోటా ఈ నోటా వచ్చినదానికీ మధ్య ముందుగా ఒక గీత గీయనివ్వండి.

నిక్కచ్చిగా తెలిసినవి తక్కువ. కోడిగుడ్డు ఇరవై ఒక్క రోజులకు పిల్ల అవుతుంది, బాతుగుడ్డు ఇరవై ఎనిమిది రోజులకు. డెబ్బైల చివరి సంవత్సరాల్లో మేము మూడు విడతలుగా బాతుగుడ్లను మెషీన్లో పొదిగించాం. మొదటి రెండు విడతల్లో చాలామటుకు పిల్లలు పెంకులోనే చనిపోయాయి. మూడో విడతలో బతికాయి. సింహాచలం అనే మనిషికి ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ మూడో విడత మీద ఆధారపడింది.

ఇక వినికిడి. రేవులోకి వచ్చే ఓడల సైరన్‌కి గుడ్డులోని పిల్ల గుండె ఆగిపోతుందన్నారు. పొదిగే పెట్ట కింద ఇనుపమేకు పెడితే ఉరుము తగలదన్నారు. చేరిన మొదటి వారంలోనే మురిగిన గుడ్డు ఒకటి నా చేతిలో పేలితే నేను స్పృహ తప్పి పడిపోయానని ఇప్పటికీ చెప్పుకుంటారు. పడిపోలేదు. కూర్చున్నాను. కుర్చీ లేనిచోట కూర్చున్నమాట నిజం.

ఈ రెండూ కాక మూడో రకం ఒకటి ఉంది. నిక్కచ్చి అని నేను నమ్మి, నలుగురికీ చెప్పి, చివరికి ఆ వినికిడిని పుట్టించినది నేనేనని కనుక్కున్నవి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

అసలు పని ఏమిటి

బయటివాళ్లు అనుకునేట్టు హేచరీ అంటే పసుపుపచ్చని కోడిపిల్లలు కాదు. పిల్లలు ఉండేది ఒక్క రోజు. మిగతా ఇరవై రోజులూ గుడ్లే. వాటిని లావుకొన పైకి వచ్చేట్టు ట్రేలలో సర్దాలి, రోజుకు కొన్నిసార్లు పక్కకు తిప్పాలి, వారానికోసారి చీకటిగదిలో దీపం ముందు పట్టి లోపల రక్తనాళాలు అల్లుకుంటున్నాయో లేదో చూడాలి. అల్లుకోని గుడ్డును తీసేయాలి. తీయకపోతే ఏమవుతుందో పైన రాశాను. పిల్ల పెంకు పగలగొట్టుకోవడానికి మూడు రోజుల ముందు గుడ్లను ఇంక్యుబేటర్ నుంచి హ్యాచర్ అనే ఇంకో పెట్టెలోకి మార్చాలి. అక్కడ తిప్పడం ఉండదు. వెచ్చదనం, తేమ, చీకటి, అంతే.

మా హేచరీ రేవు సైరన్ స్పష్టంగా వినిపించేంత దూరంలో ఉండేది. ఉక్కు కర్మాగారం పనుల కోసం ఎక్కడో రాయి పేల్చితే మా కిటికీ అద్దాలు కూడా సన్నగా మోగేవి. అందువల్ల మా దగ్గర ఏ గుడ్డు పాడైనా కారణం దూరం నుంచే వచ్చేది. ఈ కారణాలన్నిటికీ పెద్దదిక్కు మా సూపరింటెండెంట్ జోగారావుగారు. మంచి మనిషి. కింది ఉద్యోగి మీద గొంతు పెంచినట్టు నేను ఎన్నడూ చూడలేదు. కాకపోతే ఆయన విన్న ప్రతిదీ నమ్మేవారు, నేను విన్న ప్రతిదీ పరీక్షించేదాన్ని. అందువల్ల ఇద్దరికీ చేతినిండా పని ఉండేది.

ఒకసారి విశ్రాంత ఉద్యోగి ఒకాయన సూదికి దారం కట్టి తెచ్చారు. గుడ్డు మీద వేలాడదీస్తే సూది గుండ్రంగా తిరిగితే పెట్ట, ఊగితే పుంజు అన్నారు. జోగారావుగారు కాఫీ తెప్పించారు. నేను వంద గుడ్లు తెప్పించి, ఆయన చెప్పినది ఒక్కొక్క గుడ్డు మీదా పెన్సిలుతో రాసి పొదిగించాను. ఆయన చెప్పినది సగానికి సరిపోయింది. ఆ ఫలితం చెబితే నొచ్చుకుంటారేమోనని సందేహించాను. ఆయన మహా సంతోషించి, మిగతా సగం కూడా సాధన మీద వస్తుందని చెప్పి వెళ్లారు.

సైరన్ సంగతి కూడా అలాగే తేల్చాను. ఒక విడత కోడిగుడ్లు మెషీన్లో ఉన్న మూడు వారాలూ పగటిపూట సైరన్ మోగిన వేళలన్నీ రాసిపెట్టాను. పిల్లలు ఎప్పటిలాగే అయ్యాయి. కాగితం తీసుకెళ్లి చూపిస్తే జోగారావుగారు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇది కోళ్ల సంగతి కదమ్మా," అన్నారు నెమ్మదిగా. "బాతు నీటిలో తిరిగేది. ఓడా నీటిలో తిరిగేదే. బాతుకి తెలిసినట్టు కోడికి తెలుస్తుందా?"

ఆ ప్రశ్నకు పరీక్ష ఎలా పెట్టాలో నాకు తోచలేదు.

రెండు విడతలు, ఒక మనిషి

భీమునిపట్నం వైపు చెరువులున్న పల్లెల్లో బాతుల పెంపకం పెంచాలని పైనుంచి ఉత్తరువు రావడంతో మాకు బాతుగుడ్లు వచ్చాయి. ఆ గుడ్లు కూడా అటునుంచే, తవుడు పరిచిన బుట్టల్లో బస్సు మీద వచ్చేవి. హ్యాచర్ బాధ్యత నాది. దగ్గరుండి పని చేసేవాడు సింహాచలం.

సింహాచలానికి అప్పటికి నలభై దాటాయి. కంచరపాలెం నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. హేచరీలో తొమ్మిదేళ్లుగా రోజుకూలీ మీద పని చేస్తున్నాడు. గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో తట్టి, అందులో జీవం ఉందో లేదో చెప్పేవాడు. నేను పరీక్షించాను. వందలో తొంభై దాకా సరిపోయాయి. అది సూదిదారం కంటే చాలా మెరుగు కాబట్టి ఒప్పుకున్నాను. ఆ ఏడాది రోజుకూలీలలో కొందరిని పర్మనెంటు చేయడానికి జాబితా వచ్చింది. జాబితాలో నిలిచేవారికి పనితనం గురించి అధికారి ధ్రువపత్రం కావాలి. అది లేనివారిని గడువిచ్చిన నెలాఖరుకి మాన్పించేయాలి. సింహాచలం విషయంలో ఆ అధికారిని నేను.

మొదటి విడతలో ఇరవై ఐదో రోజు వరకు అంతా బాగుంది. దీపం ముందు పట్టి చూస్తే లోపల పిల్లలు కదులుతున్నాయి. హ్యాచర్లోకి మార్చాం. పిల్లలు పెంకుకు చిల్లు కూడా వేశాయి. ముక్కు కొన బయటికి కనిపించింది. అక్కడ ఆగిపోయాయి. పెంకు ఒలిచి చూస్తే లోపలి పొర ఎండి, తోలులా పిల్ల ఒంటికి అతుక్కుపోయి ఉంది. తేమ చాలలేదన్నమాట. నీటి ట్రేలు నింపే పని సింహాచలానిది.

తేమ ఎక్కడ పోతోందో కనిపెట్టాలని రెండో విడతలో పరిశీలన పెంచాను. హ్యాచర్ తలుపు మీద నా చేత్తోనే ఒక నోటీసు రాసి అంటించాను: అనుమతి లేనిదే తలుపు తెరవరాదు. తలుపు తీసిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలని నియమం పెట్టాను. హ్యాచర్‌కి ఒక చిన్న గాజు కిటికీ ఉండేది. లోపల థర్మామీటరు అందులోంచి చూడాలి. గుడ్లు హ్యాచర్లో ఉన్న మూడు రోజులూ ఆ గాజు మసకబారిపోయి ఏమీ కనిపించేది కాదు. తుడవమని సింహాచలానికి చెప్పాను.

"సెమ్మ లోపలున్నాదండి అమ్మగోరూ," అన్నాడు. "బయట తుడిస్తే ఏటి లాబం?"

అది సరైన పరిశీలనే. అందుకని తలుపు తీసి లోపలి వైపు తుడిచాను. అతను నా చేతిలోని గుడ్డ అందుకుని, "మాయావిడ ఆకరి మూడ్రోజులూ ఎవుల్నీ సూడనివ్వదండి," అన్నాడు.

"మీ ఆవిడ ఇంక్యుబేటర్ కాదు కదా," అన్నాను.

"కాదండి. కానీ పిల్లలవుతన్నాయండి."

రెండో విడత మొదటిదానికంటే అధ్వానంగా పోయింది. జోగారావుగారు సైరన్ అన్నారు. నేను కాదన్నాను. అలాగైతే మూడో విడత తర్వాత కారణమేమిటో మీరే రాసివ్వండి, మెషీన్ అయితే మెషీన్, మనిషి అయితే మనిషి అన్నారు. మనిషే కారణమని నేను ముందుగానే ఒక చిత్తుప్రతి రాసి సొరుగులో పెట్టుకున్నాను. అందులో సింహాచలం పేరు రెండుచోట్ల ఉంది. అది పైకి వెళితే అతనికి ధ్రువపత్రం ఇవ్వడానికి వీలుండదు. ఆ సంగతి నాకు తెలుసు. అతనికీ తెలుసు.

కంచరపాలెంలో ఒక పురుడు

చిత్తుప్రతిని ఖాయం చేసేముందు గుడ్లను అనుమానించడం న్యాయం అనిపించింది. రెండో విడతలో ట్రేలలో పట్టని పదకొండు గుడ్లను నా అనుమతితోనే సింహాచలం ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య పైడమ్మ బాతుగుడ్లను కోడిపెట్ట కింద పెట్టి పొదిగిస్తుందని విన్నాను. వినికిడి కాబట్టి స్వయంగా వెళ్లాను.

రైలుపట్టాల పక్కన వాళ్ల వీధి. వీధి మొదట్లోనే సాక్ష్యం ఎదురొచ్చింది. ఒక నల్లపెట్ట మురికికాలవ గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ అరుస్తోంది. కాలవలో తొమ్మిది బాతుపిల్లలు హాయిగా ఈదుతున్నాయి. పదకొండింటికి తొమ్మిది. అంటే గుడ్లలో లోపం లేదు.

పైడమ్మ నన్ను ఆదరంగానే కూర్చోబెట్టింది. సింహాచలం అప్పుడు డ్యూటీలో ఉన్నాడు. వంటింటి మూల గోనెపట్టా ఒకటి తెరలా వేలాడుతోంది. దానికి వేపరెమ్మ గుచ్చి ఉంది. ఇంకో పెట్ట అక్కడ బాతుగుడ్ల మీద కూర్చుందనీ, అది ఇరవై ఆరో రోజనీ చెప్పింది. నేను సంచిలోంచి థర్మామీటరు తీసి లేచాను.

"ఆ పట్టా ఎత్తకు డాట్రమ్మా," అంది. "పురిటాలు."

కోడికి పురుడేమిటన్నాను.

"నీకుంటాది గానీ దానికుండదేటి?"

ఇరవై ఐదో రోజున వేళ్లతో గోరువెచ్చని నీళ్లు గుడ్ల మీద చిలకరించి, పెట్టకు గింజలు, నీళ్లు పక్కన పెట్టి, తెర వేసేస్తుందట. మూడు రోజులు తను కూడా తొంగిచూడదట. చూస్తే దిష్టి. పిల్లల అరుపు విన్నాకే తెర తీయడం. ఇందులో ఏ కొలతా లేదని, ఉష్ణోగ్రత ఎంతుందో ఎవరూ చూడకపోతే ఎలా తెలుస్తుందని నేను వివరించాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ అంతా విన్నది.

"నీ పురిటికాడ గంటగంటకీ తలుపు తీసి సూసినారేటి?"

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. పెద్దాసుపత్రిలో నర్సులు చాలాసార్లే వచ్చి చూశారని చెప్పాను.

"పిల్లలెందరు?"

ఒక్కడే అన్నాను.

"అదీ సంగతి," అని చేటలోని రాయి తీసి పారేసింది.

ఆ సంభాషణలో తర్కదోషాలు కనీసం మూడున్నాయి. అవన్నీ చెప్పడానికి సిద్ధపడుతున్నాను. ఈలోగా ఆవిడ చేట పక్కన పెట్టి, గొంతు తగ్గించి అసలు మాట అడిగింది. "ఆడి పేరు మీద ఏటో రాత్తన్నావంట గదా."

అబద్ధం రాయనని చెప్పాను.

"అబద్దమని నానన్నేటి? అన్నీ సూత్తావు గదా. ఆడు సేసిన పని కూడా సూడు."

తిరిగి వస్తూ బస్సులో లెక్కవేసుకున్నాను. గుడ్లలో లోపం లేదు. మెషీన్ థర్మామీటరును మరో మూడు థర్మామీటర్లతో పోల్చి చూశాను, దానిలో లోపం లేదు. సైరన్ కాదు. మిగిలింది మనిషి. ఇప్పటికీ ఆ తర్కంలో నాకు తప్పు కనిపించదు. మనుషుల జాబితాలో ఒక పేరు తక్కువైంది, అంతే. నోట్‌బుక్‌లో పైడమ్మ పద్ధతి గురించి ఒకే మాట రాసుకున్నాను: అశాస్త్రీయం.

తాళంచెవి

మూడో విడతలో, చూసేవారు లేనప్పుడు సింహాచలం తలుపు తీస్తున్నాడేమోనన్న అనుమానంతో హ్యాచర్‌కి కొత్త తాళం వేయించాను. దానికి రెండు చెవులు. ఒకటి జోగారావుగారికి ఇచ్చాను. ఆయన దాన్ని చాలా భద్రమైన చోట పెట్టారు. ఆ చోటు ఏదో ఆయనకే గుర్తురాలేదు. రెండోది నా గదిలో మేకుకు వేలాడేది.

ఇరవై ఐదో రోజు సాయంత్రం నూట నాలుగు గుడ్లు హ్యాచర్లోకి మార్చాం. సింహాచలం నీటి ట్రేలు నింపాడు. నేనే తాళం వేసి, చెవి మేకుకు తగిలించి ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున మేకు ఉంది, తాళంచెవి లేదు.

వెతకడం నాకు తెలిసిన విద్య. గదిని నాలుగు భాగాలు చేసుకుని క్రమంగా వెతికాను. బల్ల కింద, ఫైళ్ల మధ్య, చెత్తబుట్టలో, తలుపు వెనక వేలాడే నా తెల్లకోటు జేబుల్లో. మధ్యాహ్నం మళ్లీ మొదటినుంచీ వెతికాను. సాయంత్రం ఇంకోసారి. కోటు జేబులు మొత్తం మూడుసార్లు చూశాను. ఈ అంకెను గుర్తుపెట్టుకోమని మనవి.

సింహాచలం కూడా నాతోపాటు నేల మీద వంగి వెతికాడు. "పోనాదండి," అన్నాడు చివరికి, దానికి నివాళి అర్పిస్తున్నట్టు.

తాళం పగలగొట్టిద్దామని జోగారావుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన స్టాకు రిజిస్టరు తీశారు. తాళం వారం క్రితమే స్టాకులోకి ఎక్కింది. కొత్త వస్తువును పగలగొట్టాలంటే అది పనికిరాదని పైవారు ఒప్పుకోవాలి. దాని కోసం ఉత్తరం రాయాలి. "పాత తాళమైతే ఇప్పుడే నా చేత్తో పగలగొట్టేవాణ్ణమ్మా," అన్నారు నిజమైన బాధతో. ఉత్తరం ఆ రోజే రాశారు. దానికి జవాబు పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు వచ్చాక అందింది.

కంచరపాలెంలో తాళాలు బాగుచేసే మనిషి ఉన్నాడంటే సింహాచలాన్నే పంపాను. ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ మనిషి పెళ్లికని భీమునిపట్నం వెళ్లాడట, రెండు రోజులదాకా రాడట. ఈ మాట కూడా తర్వాత నేను విచారించాను. నిజంగానే వెళ్లాడు.

ఆ రెండు రోజులు నేను హ్యాచర్ చుట్టూ తిరిగాను. గాజు కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. మసక కాదు, లోపల నీటి బిందువులు కారుతున్నాయి. థర్మామీటరు లేదు, అంకె లేదు, రిజిస్టరులో రాయడానికి ఏమీ లేదు. ఉద్యోగంలో చేరాక అంత పనిలేని రెండు రోజులు నాకు గుర్తులేవు. నేను వెళ్లినప్పుడల్లా సింహాచలం హ్యాచర్ గది గుమ్మంలో గోడకానుకుని కూర్చుని ఉండేవాడు. అతని నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున హ్యాచర్ గదిలో అడుగుపెట్టగానే శబ్దం వినిపించింది. ఒకటి కాదు, పది కాదు. పెట్టె మొత్తం సన్నగా కిచకిచలాడుతోంది. టైము రాసుకుందామని నా గదికి వెళ్లి తెల్లకోటు వేసుకుని, పెన్సిలు కోసం కుడిజేబులో చెయ్యి పెట్టాను. తాళంచెవి తగిలింది.

తలుపు తీస్తే వేడి ఆవిరి ముఖానికి కొట్టి కళ్లద్దాలు కమ్ముకుపోయాయి. అప్పుడు కూడా ఏమీ చూడలేకపోయాను. అద్దాలు తీసి తుడుచుకునేసరికి సింహాచలం పిల్లల్ని బుట్టలోకి ఎత్తుతూ పైకే లెక్కపెడుతున్నాడు. తడిసి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, నోళ్లు తెరిచి అరుస్తున్నాయి. నూట నాలుగింటికి తొంభై ఒకటి. నేను మళ్లీ లెక్కపెట్టాను. తొంభై ఒకటే.

"పురుడు తీరిపోనాదండి," అన్నాడు.

రిజిస్టరు చెప్పినది

ఆ మధ్యాహ్నం హ్యాచర్ రిజిస్టరు ముందేసుకున్నాను. తలుపు తీసిన ప్రతిసారీ రాయాలన్న నియమం నాదే కాబట్టి అందులో అన్నీ ఉన్నాయి. తలుపు తెరిచిన గడిలో, రెండో విడత చివరి మూడు రోజులకు, సింహాచలం ఎదురుగా నాలుగు గీతలున్నాయి. నా ఎదురుగా ఒక్కటీ లేదు. ఎందుకంటే నేను తలుపు తెరవలేదు. నేను పరిశీలించాను. పరిశీలనకు వేరే గడి ఉంది. అందులో నా గీతలు డెబ్బై మూడు.

పెంకుకు చిల్లుపడిన తర్వాత తలుపు తీస్తే లోపలి తేమ ఒక్క ఊపిరిలో బయటికి పోతుంది. పొర ఎండుతుంది. అది నేను చదివిన పుస్తకంలో ఉంది, ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాను. కాకపోతే ఆ వాక్యం అజాగ్రత్తపరుల గురించి రాసినదనుకున్నాను. ఏ తేమ పోతోందని వెతికానో, దాన్నే రోజుకు ఇరవైసార్లకు పైగా గుడ్డతో తుడిచాను. నాకు అడ్డమనిపించిన ఆ మసకే పిల్లలకు కావలసినది.

సొరుగులోని చిత్తుప్రతి చింపేశాను. కొత్తది రాసి జోగారావుగారికి ఇచ్చాను. ఆయన చదివి చాలా ఇబ్బంది పడ్డారు. అధికారిణి పేరు ఇలా రాయడం బాగుండదని, తలుపు తరచుగా తెరవబడినది అని మాత్రం రాస్తే సరిపోతుందని అన్నారు. సైరన్ గురించి ఒక మాట చేర్చినా తప్పులేదన్నారు.

"ఎవరు తెరిచారో రాయకపోతే, తలుపు దగ్గర పనిచేసేవాడే తెరిచాడనుకుంటారు సార్," అన్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని మరోసారి చదివారు. తర్వాత నా కాగితం మీద సంతకం పెట్టారు. సింహాచలం ధ్రువపత్రం దానితోపాటే వెళ్లింది. నెలాఖరుకి రెండు రోజుల ముందు జాబితా ఖాయమైంది, అందులో అతని పేరుంది. నాకు పైనుంచి ఒక సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబుగా రిజిస్టరు నకలు పంపాను. అంతటితో పోయింది.

కొత్తగా వచ్చేవారికి ఇక్కడ ఒక మాట. పరీక్షించడం మానేయమని నేను చెప్పడం లేదు. నేను మానలేదు. నాలుగో విడతలో, ఐదో విడతలో తాళం కావాలనే వేయించి, చెవి జోగారావుగారి దగ్గర ఉంచాను. అంతకంటే దొరకని చోటు లేదు. రెండు విడతలూ బాగానే వచ్చాయి. తలుపు పదేపదే తీస్తూ ఇరవై గుడ్లతో విడిగా కూడా చూశాను. ఎంత బాగా నిరూపణ అయిందో రాయబుద్ధి కాదు. అది రెండోసారి చేయలేదు. మీ రిజిస్టరులో మీ చేతికి కూడా ఒక గడి పెట్టుకోండి, నేను చెప్పేది అంతే. పైడమ్మ దిష్టి అన్నది నేను ఈనాటికీ ఒప్పుకోను. ఆవిడ చెప్పిన కారణం తప్పు, చేసిన పని సరైనది. నా కారణాలన్నీ సరైనవి. పిల్లలు పెంకులోంచి రావడానికి కారణాలు అడగవు.

తేలని ప్రశ్న

తాళంచెవి కోటు జేబులోకి ఎలా వచ్చింది?

ఉన్న ఆధారాలు రాస్తాను. ఆ సాయంత్రం సింహాచలం నీటి ట్రేలు అంచులదాకా నింపాడు. అంతకుముందు ఎప్పుడూ సగానికి మించి నింపేవాడు కాదు. ఆ మూడు రోజులూ ఆ గుమ్మం వదల్లేదు. నా తెల్లకోటు నా గదిలో తలుపు వెనకే ఉండేది, ఆ గదికి గడియ లేదు. ఇవి ఒక పక్క.

ఇంకో పక్క, తాళాల మనిషి నిజంగానే ఊళ్లో లేడు. తాళంచెవి దాచినట్టు తెలిస్తే పర్మనెంటు మాట అటుంచి, ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేసేవారు. ఆరు రోజుల్లో తేలిపోయే ఉద్యోగాన్ని పణం పెట్టి ఆ పని చేస్తాడా? అదీకాక కోటు కుడిజేబు లోపల కుట్టు ఊడి ఉంది. చెవి అందులోంచి అస్తరులోకి జారి, మళ్లీ బయటికి రావచ్చు. అదీ పరీక్షించాను. పదిసార్లు జేబులో వేస్తే రెండుసార్లు అస్తరులోకి జారింది. ఒకసారి, కోటు వేసుకుని నడిచాక, తనంతట తానే జేబులోకి తిరిగొచ్చింది. కాబట్టి అసాధ్యం కాదు. మేకుకు తగిలించాననుకుని జేబులో వేసుకుని ఉంటే సరి.

అతన్ని ఒక్కసారే అడిగాను, పర్మనెంటు ఉత్తరువు చేతికొచ్చిన రోజున. ట్రేలు కడుగుతున్నవాడల్లా నిటారుగా నిలబడి, చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు.

"కోటు తవఁరిదండి. జేబూ తవఁరిదేనండి. మద్దిన నానేటి సెప్తానండి?"

ఆ తర్వాత పదేళ్లు ఒకే గదిలో పనిచేశాం. మళ్లీ అడగలేదు. అవునంటే, ప్రభుత్వ వస్తువును దాచాడని నేను కాగితం మీద పెట్టవలసి వచ్చేది. కాదంటే నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు అడుగుదామంటే అతను లేడు. పైడమ్మను అడిగితే, ఆవిడ నా కొడుక్కి తమ్ముడో చెల్లెలో ఎందుకు లేరన్న చర్చ మళ్లీ మొదలుపెడుతుంది.

ఇక మిగిలింది ఒకే ఒక్క సాక్ష్యం. జేబు మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఖాళీగా ఉందన్నది. అది నిజమైతే తాళంచెవిని ఎవరో పెట్టినట్టే, ఆ ఎవరో ఎవరో చెప్పనక్కర్లేదు. కానీ ఆ మాటకు సాక్షిని నేనొక్కదాన్నే. అంతకుముందు విడతలో అదే సాక్షి హ్యాచర్ తలుపు ఒక్కసారి కూడా తెరవలేదని తన చేత్తో రాసిపెట్టింది.